ప్రశ్నలు – జవాబులు: ఎస్3 పనికి చిన్న కోడ్ లైబ్రరీ చాలునా?

ప్రశ్న: మా గ్రంథాలయంలోని పాత పత్రికలను స్కాన్ చేసి అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ ఫైళ్ల నిల్వలో భద్రపరుస్తున్నాము. ఒక్కో పుట 30 నుంచి 40 మెగాబైట్ల వరకు ఉంటుంది. స్వచ్ఛంద కార్యకర్తలు బ్రౌజరు నుంచే అప్‌లోడ్ చేసేలా ఒక చిన్న పేజీని జావాస్క్రిప్టులో రాస్తున్నాను. ఈ మాత్రం పనికి అధికారిక ఎస్‌డీకే (అమెజాన్ ఇచ్చే కోడ్ సంపుటి) బరువుగా తోస్తున్నది. ఏడబ్ల్యూఎస్4ఫెచ్ వంటి చిన్న లైబ్రరీని నమ్ముకోవచ్చునా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నమ్ముకోవచ్చు. అయితే అది ఏ పని చేస్తుందో, ఏ పని మీకు వదిలేస్తుందో ముందు తెలుసుకోవాలి. 2006 మార్చిలో మొదలైన ఎస్3 లోపల ఎంత పెద్ద యంత్రాంగం ఉన్నా, బయటికి కనిపించేది మామూలు హెచ్‌టీటీపీయే. ఫైలు పెట్టడానికి పుట్, తెచ్చుకోవడానికి గెట్, తీసివేయడానికి డిలీట్. కష్టమంతా సంతకంలో, అంటే ఆ విన్నపం మీరే పంపారని రుజువు చేసే ముద్రలో ఉంది. పద్ధతి, దారి, క్వెరీ, హెడర్లు, పంపే సరుకు తాలూకు షా-256 విలువ (దాని వేలిముద్ర వంటిది), వీటిని నిర్ణీత క్రమంలో ఒకదాని కింద ఒకటి పేర్చి, మీ ఖాతా సీక్రెట్ కీ (రహస్య సంకేతం) నుంచి తేదీ, రీజియన్ (ఫైళ్లుండే డేటా సెంటర్ల ప్రాంతం), సర్వీసు పేర్ల మీదుగా పుట్టించిన మరొక కీతో ముద్ర వేయాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అవతలి సర్వరు ఒప్పుకోదు. మైకేల్ హార్ట్ రాసిన ఏడబ్ల్యూఎస్4ఫెచ్ ముఖ్యంగా ఈ ముద్ర పనినే చేస్తుంది, కుదించిన తరువాత దాని పరిమాణం సుమారు 2.5 కిలోబైట్లు.

కాని మీ పేజీలో దానిని పెట్టవద్దు. పెడితే సీక్రెట్ కీ కూడా పేజీలోనే ఉండాలి, బ్రౌజరులో సోర్సు తెరిచి చూసిన ప్రతివారికీ మీ బకెట్ (ఎస్3లో మీ ఫైళ్లుండే డబ్బా) తాళం అప్పగించినట్లే. లైబ్రరీని మీ సర్వరు వైపున ఉంచి, అప్‌లోడ్ అడిగిన ప్రతిసారీ పది నిమిషాల గడువుతో ఒక ప్రీసైన్డ్ యూఆర్‌ఎల్ (ముందే సంతకం చేసిన చిరునామా) తయారుచేసి పేజీకి ఇవ్వండి. గడువు 7 రోజుల వరకు పెట్టుకోవచ్చు గాని, ఆ యూఆర్‌ఎల్ చేతికి చిక్కిన ఎవరైనా అప్‌లోడ్ చేయగలరు కనుక తక్కువే మేలు. బకెట్ కార్స్ నియమాలలో (ఏ సైటు పేజీలు బ్రౌజరు నుంచి బకెట్‌ను వాడవచ్చో చెప్పేవి) మీ డొమైనుకు పుట్ అనుమతి ఇచ్చారంటే, పేజీ ఆ యూఆర్‌ఎల్‌కు నేరుగా ఫైలు పంపుతుంది, అక్కడ ఏ లైబ్రరీ అవసరమే లేదు. మధ్యలో నెట్ తెగితే మళ్లీ ప్రయత్నించే నాలుగు పంక్తులు మాత్రం పేజీలో మీరే రాసుకోవాలి.

జాబితా విషయంలో నేను ఒకసారి బోల్తా పడ్డాను. బకెట్‌లో ఉన్నవి లెక్కపెట్టే స్క్రిప్టు సరిగ్గా 1000 అని చెబితే, అంత గుండ్రటి సంఖ్య ఎలా వచ్చిందని అనుమానించకుండా అంతే ఉన్నాయనుకున్నాను. ఎస్3 ఒక విడతకు 1000 పేర్లకు మించి ఇవ్వదు, మిగతా వాటికి వెంట వచ్చిన టోకెన్‌తో మళ్లీ అడగాలి. పెద్ద ఎస్‌డీకేలు ఈ తిరుగుడుకు ఒక సాధనం ఇస్తాయి. చిన్న లైబ్రరీ మీ చేతికి ఎస్3 పంపిన ఎక్స్ఎంఎల్‌ను ఉన్నదున్నట్లు ఇస్తుంది, విడదీసుకోవడం మీ పని.

మీవి తెలుగు పత్రికలు కనుక ఇంకొక మాట. ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టాలని అనిపించడం సహజమే. ఎస్3లో పేరుకు పరిమితి 1024 బైట్లు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుర్తులు, వెరసి 18 బైట్లు, దారిలో ఒక్కో బైటును %E0 లాగా శాతపు గుర్తుతో రాస్తే 54 అక్షరాల పొడవు. ఆ మార్పును లైబ్రరీ పొరపాటున రెండుసార్లు చేస్తే సంతకం కలవదు, ఇంగ్లిషు పేర్లతో చేసిన పరీక్షలలో ఆ లోపం బయటపడదు. ఇంతకన్నా చికాకైనది 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో కంటికి కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు. మాట చివర అది ఉన్న పేరు, లేని పేరు తెరమీద ఒక్కలాగే కనబడవచ్చు, ఎస్3కి మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. నా సలహా అయితే బకెట్‌లో సంవత్సరం, సంచిక, పుట సంఖ్యలే పేర్లుగా ఉంచి, తెలుగు శీర్షికలను మీ సొంత పట్టికలో రాసుకోండి.

ఇతర చిన్న లైబ్రరీలు చూసేటప్పుడు సంతకం నాలుగవ వెర్షనా అన్నది అడగండి. 2014 జనవరి తరువాత తెరిచిన రీజియన్లు, అంటే మన ముంబయి, హైదరాబాదు కూడా, పాత రెండవ వెర్షన్‌ను ఒప్పుకోవు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని లైబ్రరీ ఎంత తేలికైనా అక్కడ అక్కరకు రాదు.

ప్రశ్న: ఏ లైబ్రరీ లేకుండా సంతకం కోడ్ పైథాన్‌లో నేనే రాసుకున్నాను. క్లౌడ్ సర్వరులో ఏనాడూ ఇబ్బంది రాలేదు. అదే స్క్రిప్టు మా ఆఫీసు కంప్యూటరులో రాత్రి 2 గంటలకు నడిస్తే తిరస్కరణకు గురవుతున్నది, పొద్దున 9 గంటలకు నడిపితే పని చేస్తున్నది. గడియారం సరిగానే ఉంది.
– ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: గడియారం సరిగా ఉండబట్టే ఈ చిక్కు మీ కంట పడలేదు. సమయంలో 15 నిమిషాలకు మించి తేడా ఉంటే ఎస్3 తిరస్కరిస్తుంది, కాని అది రాత్రి, పగలు చూసుకొని జరిగేది కాదు. మీ కోడ్‌లో సమయపు హెడరును యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాసి, సంతకపు పరిధిలో వచ్చే తేదీని మాత్రం కంప్యూటరు స్థానిక తేదీ నుంచి తీసుకొని ఉంటారు. మనకు అర్ధరాత్రి దాటినప్పటి నుంచి ఉదయం ఐదున్నర వరకు యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుంది. రెండు తేదీలూ ఒకటి కావాలన్నది నియమం, ఆ ఐదున్నర గంటలే అవి వేరవుతున్నాయి. క్లౌడ్ సర్వరు గడియారం యూటీసీలోనే పెట్టి ఉంటే అక్కడ తేడా రాదు. రెంటినీ ఒకే యూటీసీ విలువ నుంచి తీయండి.

ప్రశ్న: 8 గిగాబైట్ల కూచిపూడి ప్రదర్శన వీడియోలను ఇదే పద్ధతిలో పంపవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒక్క పుట్‌తో పంపగలిగేది 5 గిగాబైట్ల వరకే. అంతకు మించితే ముక్కలుగా పంపాలి, చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 మెగాబైట్లు, మొత్తం 10,000 ముక్కలకు మించరాదు. 16 మెగాబైట్ల చొప్పున కోస్తే మీకు 512 ముక్కలు వస్తాయి, నెట్ తెగినా పోయిన ముక్కనే తిరిగి పంపితే చాలు. ఈ పద్దు నడపడానికి చిన్న లైబ్రరీతో తంటాలు పడకండి, అధికారిక ఎస్‌డీకేనో, ఆర్‌క్లోన్‌నో (ఫైళ్లను క్లౌడ్‌కు పంపే ప్రోగ్రాము) వాడండి. సగంలో వదిలేసిన ముక్కలు జాబితాలో కనబడకుండానే బిల్లుకెక్కుతుంటాయి కనుక, కొన్ని రోజులు దాటిన వాటిని తీసివేసే లైఫ్‌సైకిల్ నియమాన్ని బకెట్‌కు ముందే పెట్టండి.