ఈగ రెక్క దగ్గర మొదలైంది

ప్రశ్న: ఎంఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. జంతువుల ప్రవర్తన వెనక మెదడులో ఏం జరుగుతుందో పరిశోధించాలని ఉంది. మా సిలబస్‌లో ఇది రెండు పేజీలే. ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు. మీరు ఇందులోకి ఎలా వచ్చారు? నేనెక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: నాదీ జువాలజీయే. అప్పటికి మెదడంటే రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మే. ప్రాజెక్టుకని వెళ్లిన ల్యాబ్‌లో మేడమ్ ఒక మగ పండు ఈగనీ, ఒక ఆడ ఈగనీ రూపాయి బిళ్లంత గాజు గిన్నెలో వదిలి, “పది నిమిషాలు చూసి, చూసింది చూసినట్టు రాయమ్మా” అన్నారు. మగది ఆడదాని వెనకే తిరిగింది. ముందుకాలితో తట్టింది. ఆపైన ఒక్క రెక్కే పక్కకు చాచి వణికించింది. అది దాని పాట. దానికెవరూ నేర్పలేదు. ఫ్రూట్‌లెస్ అనే జన్యువు మగవాటిలో పనిచేసే తీరునే ఆడ ఈగలో తెప్పిస్తే, అదీ తోటి ఆడవాటి వెంటపడి రెక్క చాస్తుందని 2005లో చూపించారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే చెబుతున్నా, ముందు ఈగలో ఎలుకలో చేపలో పెంచే ల్యాబ్‌లో ప్రాజెక్టు సంపాదించండి. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ మీకు పక్కనే హబ్సిగూడలో ఉంది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, గోపనపల్లిలో టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ ఉన్నాయి. ఒకే ఈమెయిల్ అందరికీ పంపకండి. ఆ ల్యాబ్ పేపరొకటి పూర్తిగా చదివి, మీకు అర్థంకాని ఒక్క ప్రశ్న అడగండి. మన దేశంలో ఈ పనికి పునాది వేసిన ఒబైద్ సిద్దిఖీ గారూ ముంబై టీఐఎఫ్ఆర్‌లో వాసన పట్టలేని ఈగల్ని వెతికినవారే. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌ని స్థాపించిందీ ఆయనే.

ఇది ఓపిక అడిగే పని. పీహెచ్‌డీ రెండో ఏడు, మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, ఈగల్ని ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే పెట్టె, ఇంక్యుబేటర్, ఆగింది. దాన్ని జనరేటర్ లైనుకు కలపమని అంతకుముందే రెండుసార్లు అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు. 25 డిగ్రీల్లో ఉండాల్సిన ఈగలన్నీ పొద్దుటికి సీసాల అడుగున రాలి ఉన్నాయి. ఎనిమిది నెలల కష్టం. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పట్నుంచి ప్రతి స్టాకునూ, అంటే పెంచే ప్రతి రకం ఈగల్నీ, రెండు గదుల్లో ఉంచుతున్నాను. మీరు మొదటి రోజు నుంచే అలా చేయండి.

ఇంట్లోవాళ్ల భయం డబ్బు గురించే అయితే, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలు ఇస్తారని చెప్పండి. మా నాన్న అంత మొత్తానికీ ఒప్పుకోలేదు. ఒక ఆదివారం ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోపులో ఆ రెక్క చూపించాను. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ వంగి చూశారు.