నిజామాబాద్ పసుపు రైతుల ఆందోళనకు పార్టీలు ఎలా స్పందించాయి?

సూటిగా చెప్పాలంటే, ఎవరి కుర్చీని బట్టి వాళ్లు స్పందించారు. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు వైపు రైతులు రోడ్డెక్కారు. పసుపు క్వింటాకు 15 వేలు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలన్నారు. నిరసనగా ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి గుంపుగా నామినేషన్లు వేశారు. అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) బోర్డు కేంద్రం పని అంది, నామినేషన్ల వెనక ప్రతిపక్షాలున్నాయంది. అప్పటి నిజామాబాద్ టీఆర్ఎస్ ఎంపీ కవిత అయితే మోదీ, రాహుల్ పోటీ చేసే వారణాసి, అమేఠీల్లోనూ వెయ్యాలన్నారు. కొందరు నిజంగానే వారణాసి వెళ్లారు! నిజామాబాద్ బరిలో చివరికి 185 మంది నిలిచారు, ఎక్కువమంది రైతులే. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చి గెలిచారు. ఆ బోర్డు ప్రారంభమైంది మాత్రం 2025 జనవరిలో. ధర సంగతి వేరే. బోర్డు వస్తే మార్కెట్ యార్డులో రేటు దానంతటదే పెరగదు.

ఆర్టీసీ సమ్మెలోనూ ఇదే తీరు. అదే ఏడాది జరిగిన ఆ సమ్మెకు కాంగ్రెస్, బీజేపీ మద్దతు పలికాయి. సమ్మె కారణంగా హుజూర్‌నగర్ ఉపఎన్నికలో టీఆర్ఎస్‌కు ఇస్తానన్న మద్దతును సీపీఐ వెనక్కి తీసుకుంది. కార్మికులు అడిగిన, ఆర్టీసీని ప్రభుత్వంలో కలిపే విలీనాన్ని అప్పుడు కాదన్న కేసీఆర్ ప్రభుత్వమే 2023 ఆగస్టులో, ఎన్నికల ముంగిట, దానికి బిల్లు తెచ్చింది.