ఒక్క జీబీ పరీక్ష, 120 జీబీల పని

ప్రశ్న: ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దుకాణంలో డిస్కు వేగ పరీక్ష చేసి చూపించారు. మా పాతదానికి రెట్టింపు స్కోరు వచ్చింది. తీరా 120 జీబీల పెళ్లి వీడియోలు కాపీ చేస్తే మొదట జోరుగా సాగి, తర్వాత నత్తనడక పట్టింది. డిస్కు పాడైందా?

జవాబు: పాడు కాలేదు. ఆ పరీక్షకూ మీ పనికీ పొంతన లేదు, అంతే. డిస్కు వేగం కొలవడానికి చాలామంది వాడే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌ అనే సాఫ్ట్‌వేర్‌ను మార్పులేవీ చేయకుండా నడిపితే 1 జీబీ ఫైలుతోనే పరీక్షిస్తుంది. చవక ఎస్ఎస్‌డీల్లో, అంటే చిప్‌ల మీద డేటా దాచే డిస్కుల్లో, ఒక్కో మెమరీ కణంలో మూడు, నాలుగు బిట్లు (0 లేదా 1 అంకెలు) సర్దుతారు. అలా రాయడానికి సమయం పడుతుంది. అందుకే కొంత భాగాన్ని కణానికి ఒకే బిట్ చొప్పున వాడి, వచ్చిన డేటాను ముందు అక్కడ గబగబా దించుకుంటారు. లారీ బస్తాలను ఇంటి అరుగు మీద దించడం లాంటిదే ఇది. అరుగు నిండేదాకా పని చకచకా సాగుతుంది. నిండాక, ఒక బస్తా లోపలికి చేరితే గానీ ఇంకోటి దిగదు. 1 జీబీ పరీక్ష అరుగు దాటదు. మీ వీడియోలు దాటాయి. పైగా చాలా డిస్కుల్లో, డిస్కు నిండేకొద్దీ ఆ అరుగూ కుదించుకుపోతుంది.

ఈసారి కొనేటప్పుడు మీ ఫోల్డరంత పెద్ద ఫోల్డరును అదే డిస్కులో ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయించండి. పెన్‌డ్రైవ్ నుంచి చేయిస్తే మీరు కొలిచేది పెన్‌డ్రైవ్ వేగాన్నే. దుకాణంలో చూపిన స్కోరును నమ్మి కష్టార్జితాన్ని చెల్లించవద్దని ఎన్నిసార్లయినా చెబుతాను.

ప్రాసెసర్ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. పలుచని ల్యాప్‌టాప్ వేడెక్కాక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అరగంట వీడియో ఎక్స్‌పోర్ట్ చేసే మీకు మొదటి నిమిషం స్కోరు ఎందుకు? ఇరవయ్యో నిమిషంలో ఎలా ఉందో చూడండి. ఛార్జరు తీసేసి కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: ఒకే పెద్ద ఫైలు మొదటిసారి 40 సెకన్లకు, రెండోసారి 9 సెకన్లకు తెరుచుకుంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. మొదటిసారి డిస్కు నుంచి వచ్చింది, రెండోసారి ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీలో, మిగిలి ఉన్న కాపీ నుంచి వచ్చింది. పాత కంప్యూటర్ మొదటి పరుగును కొత్తదాని రెండో పరుగుతో పోల్చి ‘నాలుగు రెట్లు వేగం’ అనుకోవడమే అసలు పొరపాటు. రెండు కంప్యూటర్లనూ ప్రతిసారీ రీస్టార్ట్ చేసి, అయిదేసిసార్లు కొలవండి. సగటుతో సరిపెట్టుకోకుండా అన్నిటికన్నా ఆలస్యమైన పరుగునూ రాసుకోండి. విసిగించేది అదే.

ప్రశ్న: మా కిరాణా దుకాణంలో బిల్లు చేతికి రావడానికి 60 సెకన్లు పడుతోంది. అందులో 54 సెకన్లు ప్రింటరుకే. రెట్టింపు వేగమున్న కంప్యూటర్ కొనమంటారా?

జవాబు: వద్దు. కంప్యూటర్ నిపుణుడు జీన్ అమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది: పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, ఆ భాగానికి పట్టే సమయాన్ని మించి ఆదా కాదు. కంప్యూటర్ వంతు 6 సెకన్లే కాబట్టి దాని వేగం రెట్టింపైనా బిల్లుకు 57 సెకన్లు పడుతుంది. ఆ డబ్బు ప్రింటరు మీద పెట్టండి.