అమ్మలూ, ముందు పాత ఇంటి బాకీ సంగతి చూడు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అప్పుడు చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. చంటిది పాలు తాగి పడుకున్నాక తీరిగ్గా చదువుకో. తర్వాత అల్లుడికి కూడా చదివి వినిపించు.

అతను హైదరాబాద్‌లో చింతల్ దగ్గర నాలుగిళ్లు చూశాడనీ, నలుగురూ ఇల్లు ఇవ్వం అన్నారనీ చెప్పావు. ఇద్దరు పసిపిల్ల ఉందని వద్దన్నారు. ఒకాయన పాత ఓనరుకి ఫోన్ చేసి ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకొకావిడ కారణమే చెప్పలేదు. "మమ్మల్ని ఎవరూ నమ్మరు పెద్దమ్మా" అన్నావే, ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. నేను 22 ఏళ్లు అద్దె ఇళ్లల్లో బతికాను. సొంత ఇల్లు కట్టుకున్నాక కింద రెండు పోర్షన్లు అద్దెకిస్తున్నాను. అడిగేవాళ్ల బాధా, ఇచ్చేవాళ్ల భయమూ రెండూ నాకు తెలుసు. మీకు ఇల్లు దొరుకుతుంది. కాకపోతే మీరు వెతకడం మధ్యలోంచి మొదలుపెట్టారు. మొదలు పెట్టాల్సింది పాత ఇంటి దగ్గర.

మీ పాత ఓనరుకి నాలుగు నెలల అద్దె బాకీ, నెలకి తొమ్మిది చొప్పున 36 వేలు. రెండు నెలల అడ్వాన్స్ 18 వేలు ఆయన పట్టుకున్నాడు. ఇంకా 18 వేలు ఇవ్వాలి. ఇది తేల్చకుండా మీరు ఏ ఇంటికి వెళ్లినా ఆ ఫోన్ కాల్ మీ వెనకే వస్తుంది. ఉద్యోగం పోయింది, అదే నెలలో కాన్పు ఖర్చు వచ్చిపడింది, నిజమే. కానీ ఆయనకి కోపం వచ్చింది డబ్బు ఆగినందుకు మాత్రమే కాదు తల్లీ. రెండు నెలలు అల్లుడు ఫోన్ ఎత్తలేదు చూడు, అందుకు. ఇల్లు అద్దెకిచ్చేదాన్ని కాబట్టి చెబుతున్నాను, అద్దె పది రోజులు ఆలస్యమైతే ఓర్చుకుంటాం. మనిషి కనపడకుండా తిరిగితే మాత్రం ఓర్చుకోలేం.

కాబట్టి అల్లుణ్ణి ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లమను. ఫోన్ కాదు, మనిషే వెళ్లాలి. బారసాలకి వచ్చిన చదివింపుల డబ్బు ఉందన్నావు కదా, అందులోంచి ఆరు వేలు తీసి ఆయన చేతిలో పెట్టమను. మిగతా పన్నెండు వేలు నెలకి రెండు చొప్పున ఆరు నెలల్లో ఇస్తానని చెప్పాలి. ఆ రెండు వేలు ప్రతి నెలా ఫోన్‌పేలోనే పంపాలి, "అద్దె బాకీ" అని రాసి పంపాలి. అవన్నీ రేపు మీకు సాక్ష్యాలు. చివర్లో ఒక మాట అడగమను: "ఎవరైనా ఫోన్ చేస్తే, ఆలస్యమైంది గానీ తీరుస్తున్నారని చెప్పండి సార్, చాలు." ఎంత కోపంగా ఉన్న మనిషైనా డబ్బు చేతికొచ్చాక ఆ మాట చెప్పడానికి వెనకాడడు. చంటిదాని వెండి మొలతాడు ఓ సంవత్సరం తర్వాత చేయించుకోవచ్చు. మీ అమ్మకి నేను చెబుతాను.

మాకూ ఇలాంటి రోజొకటి వచ్చింది. మీ అమ్మకి తెలుసు, నీకెప్పుడూ చెప్పలేదు. 1988లో మీ పెదనాన్న పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. మూడు నెలల అద్దె ఇవ్వలేక ఇల్లు ఖాళీ చేశాం. మీ అన్నయ్యకి అప్పటికి నలభై రోజులు. వారాసిగూడలో ఒకింటికి వెళ్లాం. ఇంటావిడ బియ్యం ఏరుకుంటూ, చేట మీంచి తల ఎత్తకుండానే అడిగింది, "ఆ ఇల్లెందుకు ఖాళీ చేశారు?" అని. మీ పెదనాన్న "నీళ్లకి ఇబ్బందిగా ఉందండీ" అని మొదలుపెట్టారు. నాకెందుకో ఆ చేతుల్ని చూస్తూ అబద్ధం చెప్పనివ్వబుద్ధి కాలేదు. "మూడు నెలల అద్దె కట్టలేకపోయామమ్మా. ఇప్పుడు ఈయనకి వేరే ప్రెస్‌లో పని దొరికింది. ఆ బాకీ కొంచెం కొంచెంగా కడుతున్నాం" అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి లోపలి గది తలుపు తీసి పైకి చూపించింది. "దూలానికి కొక్కెం ఉంది, ఉయ్యాల కట్టుకోవచ్చు" అంది. మా అద్దె ఖాయమైన మాట అదే. ఆ గదిలో తొమ్మిదేళ్లున్నాం.

అందరూ ఆవిడలా ఉండరు, అది నాకూ తెలుసు. ఇద్దరు ముగ్గురు మొహం మీదే కాదంటారు. అననీ. వాళ్లు ఆ రోజే కాదనడం మంచిది, చేరిన రెండో నెలలో తెలిసి గొడవ పడే కంటే. నువ్వు చెప్పాల్సింది రెండు మూడు ముక్కల్లో చెప్పు: ఏం జరిగింది, ఇప్పుడు జీతం ఎంత, బాకీ ఎంతవరకు తీర్చారు. అంతే. పాత ఓనరు మీద ఒక్క చెడ్డ మాట కూడా రానివ్వకు. నా దగ్గరికి ఇంటికోసం వచ్చి పాత ఇంటివాళ్లని తిట్టినవాళ్లకి నేను ఎప్పుడూ ఇల్లివ్వలేదు. రేపు నన్నూ అలాగే తిడతారనిపిస్తుంది మరి.

చంటిపిల్ల సంగతి. ఓనర్లకి పిల్ల ఏడుపు అంత భయం కాదు. వాళ్ల భయం నీళ్లు. ఇద్దరమే అని చెప్పి చేరతారు, నెల తిరక్కముందే అమ్మమ్మా నానమ్మా వస్తారు, రోజుకి రెండు బకెట్ల గుడ్డలు ఉతుకుతారు, సంపు ఖాళీ అవుతుంది. అందుకని ముందే చెప్పెయ్: "మా అమ్మ రెండు నెలలు వచ్చి ఉంటుంది, ఆ తర్వాత మేం ముగ్గురమే." ముందు చెప్పిన మాటకి విలువ వేరు. పురుడు పట్టింపు ఉన్నవాళ్లు అడిగితే, బారసాల అయిపోయిందని చెప్పు, గొడవ ఉండదు.

ఇంకోటి, తొందరపడకు. నువ్వు ఖమ్మంలో పుట్టింట్లో ఉన్నావు. మూడో నెలలో వెళ్లాలని మీ అమ్మ అంటోంది. ఐదో నెలలో వెళ్లినా తప్పు లేదు, ఆచారం దానికీ ఒప్పుకుంటుంది. ఆ రెండు నెలలు అల్లుడు బాలానగర్‌లో తన ఫ్రెండ్స్ రూమ్‌లో సర్దుకుంటే అద్దె డబ్బు మిగులుతుంది, అడ్వాన్స్‌కి పనికొస్తుంది. చంటిదాన్ని చంకనేసుకుని ఎండలో ఇళ్లు చూడొద్దు. అల్లుడు చూసి రెండు ఖాయం చేస్తే, నువ్వు ఒక్క రోజు వచ్చి అందులోంచి ఒకటి ఎంచుకో.

అల్లుడికి దొరికిన కొత్త పనిలో జీతం 26 వేలు. అద్దె ఎనిమిది దాటొద్దు. పాత బాకీ రెండుతో కలిపి పది అవుతుంది, అదే ఎక్కువ. చేరే రోజుకి రెండు నెలల అడ్వాన్స్ పదహారు, మొదటి అద్దె ఎనిమిది, మొత్తం 24 వేలు కావాలి. సామాను బండి ఖర్చు వేరే. మీ మీద నమ్మకం చాలడం లేదనిపిస్తే ఇంకో నెల అడ్వాన్స్ ఎక్కువిస్తామనొచ్చు, ఆ ఒక్క నెల డబ్బు నేను సర్దుతాను. అంతకుమించి అడిగితే ఆ ఇల్లు వదిలెయ్యండి.

ఎక్కడ వెతకాలంటే, చింతల్, షాపూర్ నగర్, జగద్గిరిగుట్ట వైపు అపార్ట్‌మెంట్లు వద్దు, ఇండిపెండెంట్ ఇళ్లలో పోర్షన్లు చూడండి. మెయింటెనెన్స్ ఖర్చు ఉండదు. సాయంత్రం గల్లీల్లో నడుస్తూ టులెట్ బోర్డులు చూడాలి. బ్రోకరు సగం నెలో, నెలో అద్దె తీసుకుంటాడు, మీకది ఇప్పుడు భారం. కిరాణా కొట్టువాళ్లనీ ఇస్త్రీ అతన్నీ అడగండి, ఏ ఇల్లు ఖాళీ అవుతోందో బోర్డు పెట్టకముందే వాళ్లకి తెలుస్తుంది. ఎవరూ అనుకోని మనిషి ఇంకొకరున్నారు, అంగన్‌వాడీ టీచర్. ఆ గల్లీలో ఏ ఇంట్లో బాలింతలున్నారో, ఏ ఓనరు మంచివాడో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. పైగా అక్కడ పేరు రాయించుకుంటే బాలింతవి కాబట్టి ఆరోగ్యలక్ష్మి పథకం కింద నీకు రోజూ భోజనం, గుడ్డు, పాలు ఉంటాయి. టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకి పడాలి. దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్ ఉంటే అవన్నీ ఉచితంగా వేస్తారు. ఇల్లు చూసేటప్పుడు అదెంత దూరమో కూడా చూసుకోండి.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. అప్పుడు ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా అలాగే ఉండిపోతుంది, ఓనరుకి ఒక నెల అద్దె పోతుంది. ఆ సమయంలో అద్దె కాస్త తగ్గించమని అడిగితే వింటారు. నీకు పట్టింపు ఉంటే సామాను పెట్టుకుని, పాలు శ్రావణంలో పొంగించుకో.

ఇల్లు చూసేటప్పుడు ఉదయం ఆరున్నరకి ఒకసారి వెళ్లమను, కుళాయిలో నీళ్లొస్తున్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తే ఫరవాలేదు, బోరు ఉండాలి. అద్దె తక్కువని రేకుల ఇల్లు ఒప్పుకోకండి, పెంట్‌హౌస్ అని చెప్పే మేడ మీద గది అసలే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పసిపిల్ల ఆ వేడికి తట్టుకోలేదు. గోడ కింది భాగం మీద అరచెయ్యి పెట్టి చూడమను, చల్లగా చెమ్మ తగిలిందంటే వానాకాలంలో ఆ గోడ నానుతుంది, పిల్లకి జలుబు వదలదు. గుడ్డలారేసుకోవడానికి ఎండ తగిలే చోటు కావాలి. వెనకాల నాలా ఉంటే దోమలు.

కరెంటు మీటరు విడిగా ఉందో లేదో తప్పకుండా అడగాలి. మీకు తెల్ల రేషన్ కార్డు ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద నెలకి 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా, అద్దెకున్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది. కానీ సబ్ మీటరు పెట్టి ఓనరే యూనిట్‌కి ఇంత అని వసూలు చేసే ఇంట్లో మీకా లాభం రాదు. అలాంటి ఇల్లు ఐదొందలు తక్కువకి వచ్చినా నిజానికి తక్కువ కాదు.

అగ్రిమెంట్ పదకొండు నెలలకి రాస్తారు. అందరూ అలాగే రాస్తారు, అనుమానపడకు. స్టాంపు పేపరు మీద అడ్వాన్స్ ఎంతో, ఖాళీ చేసిన ఎన్ని రోజులకి తిరిగిస్తారో, పెయింటింగ్ కింద ఎంత కోస్తారో రాయించుకోవాలి. నోటి మాటకి వదిలేస్తే వెళ్లేటప్పుడు ఒక నెల అద్దె సున్నానికే పోతుంది. చేరే రోజున గోడలకీ కుళాయిలకీ ఫోన్‌తో ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్ పెట్టు.

రెండు చోట్ల జాగ్రత్త. ఇల్లు చూడకుండా టోకెన్ డబ్బు పంపమంటే పంపొద్దు. మిలిటరీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, తాళాలు పంపిస్తాను అని నమ్మకంగా మాట్లాడే మోసగాళ్లున్నారు. పొరపాటున పంపితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. రెండోది, ప్రభుత్వం పేదలకిచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు తక్కువ అద్దెకిస్తామంటారు. వాటిని అద్దెకివ్వకూడదు. అధికారులు వచ్చి తనిఖీ చేస్తే రోడ్డున పడేది మీరు. చంటిపిల్లతో ఆ టెన్షన్ వద్దమ్మా.

చేరిన తర్వాత ఒకటో తారీఖు సాయంత్రం లోపు అద్దె ఫోన్‌పేలో వెళ్లిపోవాలి. ఏ నెలైనా కుదరకపోతే ముప్పయ్యో తారీఖునే ఓనరు దగ్గరికి వెళ్లి, ఫలానా రోజుకి ఇస్తామని చెప్పండి. ఇది అల్లుడికి ముఖ్యంగా చదివి వినిపించు. మంచివాడే, కానీ కష్టమొస్తే మాట పెగలదు అతనికి. మీ పెదనాన్న కూడా అంతే. అలాంటప్పుడు మనమే వెళ్లి మాట్లాడాలి.

పాత ఓనరు ఇంటికి అల్లుడు ఒక్కడే వెళ్లడానికి మొహమాటపడితే, ఆదివారం నేనూ వస్తాను. పెద్దదాన్ని పక్కనుంటే ఆయన కూడా నెమ్మదిగా వింటాడు. కొత్త ఇంటివాళ్లు పూచీ ఎవరని అడిగితే నా నంబరివ్వండి. అల్లుణ్ణి ఈ రాత్రికే నాకు ఫోన్ చేయమను, ఆయన ఏ టైమ్‌లో ఇంట్లో ఉంటాడో కనుక్కుని చెప్పమను. వీధి చివర పాత చీరలు కుట్టే అతని దగ్గర ఉయ్యాలకని మెత్తటి నూలు చీర రెండు పొరలు వేయించి పెట్టాను, వచ్చేటప్పుడు తెస్తాను. కొక్కెం ఉన్న ఇల్లే చూడమని అల్లుడితో చెప్పు.

మీ పెద్దమ్మ