ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఇన్సూరెన్స్ బుక్‌లెట్ అడుగు

అమ్మా స్రవంతీ,

నీ మెసేజ్ చదివాను. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఇన్నాళ్లు ఇంట్లో ఉండి, చదివిన చదువంతా వృథా అవుతోందని బాధపడ్డ పిల్లకి మిస్సోరీలో అంత పెద్ద క్యాథలిక్ హాస్పిటల్ సంస్థలో ఉద్యోగం వచ్చిందంటే మీ అమ్మకంటే నాకే ఎక్కువ సంతోషం. జీతం గురించి, పాపని డేకేర్‌లో వేయడం గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం నువ్వు చివర్లో మొహమాటంగా ఒక్క లైనులో అడిగినదాని గురించే రాస్తాను. "పెద్దమ్మా, వాళ్ల ఇన్సూరెన్స్‌లో బర్త్ కంట్రోల్ పిల్స్ కవర్ కావంటున్నారు, నిజమేనా?"

నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. ఏ సంగతో ఫార్మసీ కౌంటర్ దగ్గర కాదు, నువ్వు సంతకం పెట్టకముందే తేలాలి. నా ఉద్యోగమంతా హాస్పిటళ్ల బెనిఫిట్స్ ఆఫీసుల్లోనే గడిచింది. మందు అయిపోయాకో బిల్లు ఇంటికొచ్చాకో ఫోన్ చేసి ఏడ్చిన ఆడపిల్లలతో చాలాసార్లు మాట్లాడాను. వాళ్లలో ఒకమ్మాయి మన గుంటూరు వైపు పిల్లే. భర్త పనిచేసే కాలేజీ ప్లాన్‌లో ఉండేది. డాక్టర్ దగ్గర లూప్ వేయించుకుని, అంతా ఫ్రీ అనుకుని ఇంటికెళ్లింది. నెల తిరిగేసరికి వెయ్యి డాలర్లు దాటిన బిల్లు వచ్చింది. ఆ కాలేజీ మతపరమైన సంస్థ అని ఆమెకి తెలుసు. దానికీ తన బిల్లుకీ సంబంధం ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో ఇవన్నీ ఫ్రీయే అని మనవాళ్లు అనుకోవడంలో తప్పులేదు. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం కింద, 2012 ఆగస్టు నుంచి కొత్తగా మొదలైన లేదా రెన్యూ అయిన చాలా ప్లాన్లు గర్భనిరోధక సాధనాలకి కోపే (మన చేతినుంచి కట్టే వాటా) లేకుండా పూర్తిగా డబ్బు కట్టాలి. చర్చిలకి మొదటినుంచే మినహాయింపు ఉంది. మీ హాస్పిటల్‌లాంటి సంస్థలకి 2013లో మధ్యేమార్గం ఒకటి పెట్టారు. "మాకు మతపరమైన అభ్యంతరం ఉంది" అని సంస్థ ఒక కాగితం రాసిస్తే, ఇన్సూరెన్స్ కంపెనీయే విడిగా ఆ ఖర్చు భరించాలి. సంస్థ డబ్బు దానికి వెళ్లదు, ఉద్యోగికి నష్టం ఉండదు. నా దృష్టిలో అది మంచి ఏర్పాటే.

దాన్ని నిలవనివ్వలేదు. 2014 జూన్ 30న హాబీ లాబీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, కొద్దిమంది చేతిలో ఉన్న ప్రైవేటు కంపెనీల యజమానులు కూడా మతం పేరున అభ్యంతరం చెప్పొచ్చు అంది. హాబీ లాబీ అంటే క్రాఫ్ట్ సామాన్లు అమ్మే దుకాణాల గొలుసు. ఆ యజమానులు అభ్యంతరం చెప్పింది అన్నిటికీ కాదు, రెండు రకాల అత్యవసర మాత్రలకీ రెండు రకాల లూప్‌లకీ. ఆ తీర్పుని వ్యతిరేకిస్తూ జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసినదాంట్లో ఒక మాట నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది: కనీస వేతనం మీద బతికే మనిషికి లూప్ ఖర్చు దాదాపు నెల జీతమంత. ఇక ఆ కాగితం రాసివ్వడం కూడా పాపంలో పాలు పంచుకోవడమేనని వృద్ధాశ్రమాలు నడిపే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సన్యాసినులూ మరికొన్ని సంస్థలూ కోర్టుకెళ్లాయి. 2017లో ప్రభుత్వం మారాక మినహాయింపుని బాగా వెడల్పు చేశారు, మధ్యేమార్గం సంస్థ ఇష్టమైపోయింది. 2020 జులైలో సుప్రీంకోర్టు 7-2తో ఆ రూల్స్‌ని సమర్థించింది. 2025 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఫెడరల్ జడ్జి ఒకరు వాటిని వేరే కారణంతో కొట్టేశారు, అది అప్పీలుకి వెళ్లింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "చట్టం ఉందిగా" అని ధీమాగా ఉండే పరిస్థితి కాదు. పక్క హాస్పిటల్‌లో మీ ఫ్రెండ్‌కి వస్తోంది కాబట్టి నీకూ వస్తుందని కూడా అనుకోకు.

సిస్టర్ల మీద నాకు కోపం లేదు స్రవంతీ. వాళ్లతో కలిసి పనిచేశాను, డబ్బులేని రోగిని వాళ్లు చూసినంత ప్రేమగా చూసినవాళ్లు తక్కువ. 1968లో పోప్ పాల్ 6 కృత్రిమ గర్భనిరోధం కూడదని రాసినదాన్ని వాళ్లు నిజంగా నమ్ముతారు, ఆ నమ్మకాన్ని గౌరవించాలి. కానీ ఇన్సూరెన్స్ యజమాని పెట్టే దానం కాదు. అది నీ జీతంలో భాగం, నువ్వు పనిచేసి సంపాదించుకున్నది. ఒకరి విశ్వాసానికి ఇంకొకరు, అదీ ఆ విశ్వాసం లేని మనిషి, నెలనెలా డబ్బు కట్టాల్సి రావడం న్యాయం కాదని నేను గట్టిగా అనుకుంటాను. అందుకే అడగడానికి సిగ్గుపడకు అంటున్నాను.

ఇప్పుడు పనిలోకొద్దాం. ఆఫర్ లెటర్‌తో నీకు నాలుగైదు పేజీల సమ్మరీ పంపి ఉంటారు, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు నువ్వు కట్టుకోవాల్సింది) ఎంత, ఎమర్జెన్సీకి ఎంత అని గడులు గీసి ఉంటుంది. నీకు కావలసింది అందులో దొరకదు. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పెద్ద బుక్‌లెట్ అడుగు, వందపేజీలు దాటినా భయపడకు. నేరుగా ఎక్స్‌క్లూజన్స్, అంటే కవర్ కానివాటి జాబితా, అనే అధ్యాయానికి వెళ్లు, సాధారణంగా వెనకవైపు ఉంటుంది. కాస్మెటిక్ సర్జరీ, కళ్లజోళ్లు, ప్రయోగదశలో ఉన్న చికిత్సలు అని అక్షర క్రమంలో పోతూ ఉంటే మధ్యలో ఒక్క లైను కనిపిస్తుంది: గర్భనిరోధక మందులు, పరికరాలు, స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) కవర్ కావని. పక్కనే "వైద్య కారణాలకి తప్ప" అని ఉందా లేదా చూడు. నీకు ఆ మూడు మాటలే ముఖ్యం, ఎందుకో తర్వాత చెబుతాను. బుక్‌లెట్‌తోపాటు మందుల జాబితా, అదే ఫార్ములరీ, కూడా తెప్పించుకుని నువ్వు వాడే పిల్ పేరు వెతుకు.

తర్వాత హెచ్ఆర్‌లో బెనిఫిట్స్ చూసే మనిషికి ఈమెయిల్ పెట్టు. ఫోన్‌లో అడిగితే మంచిగానే చెబుతారు, కానీ రేపు బిల్లొచ్చినప్పుడు ఆ మాటకి రుజువు ఉండదు. కారణాలు రాయకు, మీ ఇంటి సంగతులు అసలే రాయకు. "ప్లాన్‌లో గర్భనిరోధక సేవలు ఉన్నాయా? లేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా విడిగా ఏర్పాటు ఉందా? ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్డా? చర్చ్ ప్లానా?" అంతే. బెనిఫిట్స్ గురించి అడగడం కొత్తగా చేరేవాళ్లు అందరూ చేసే పనే. విడిగా ఏర్పాటు ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వేరే లెటర్ వస్తుంది, ఒక్కోసారి వేరే కార్డు కూడా. ప్రకటనల కాగితమనుకుని దాన్ని చెత్తబుట్టలో వేసినవాళ్లని నేను చూశాను.

సెల్ఫ్ ఫండెడ్ అంటే, కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉన్నా నీ బిల్లులు కట్టేది హాస్పిటల్ డబ్బుతోనే. కంపెనీ లెక్కలు మాత్రం చూస్తుంది. పెద్ద హాస్పిటళ్లు చాలావరకు ఇలాగే నడుస్తాయి. చాలా రాష్ట్రాల్లో గర్భనిరోధకాలు కవర్ చేయాలని సొంత చట్టాలున్నాయి కానీ అవి ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర కొన్న ప్లాన్లకే వర్తిస్తాయి, సెల్ఫ్ ఫండెడ్‌కి వర్తించవు. చర్చ్ ప్లాన్, అంటే చర్చి లేదా దానితో ముడిపడ్డ సంస్థ నడిపే ప్లాన్, అయితే ఇంకో చిక్కు. మామూలు కంపెనీ ప్లాన్‌లో బుక్‌లెట్ కావాలని రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలని ఫెడరల్ చట్టం ఉంది. చర్చ్ ప్లాన్లు సాధారణంగా ఆ చట్టం కిందికి రావు. విడి ఏర్పాటు చేయమని బిల్లులు చూసే కంపెనీని బలవంతపెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి లేదు. కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు రాకుండా వదలకు.

ఇక నీ పీసీఓడీ (అండాశయాల సమస్య) సంగతి. నువ్వు పిల్స్ వాడేది నెలసరి సరిగ్గా రావడానికని నాకు తెలుసు. చాలా క్యాథలిక్ ప్లాన్లు జబ్బుకి వాడే పిల్స్‌కి డబ్బు కడతాయి. చర్చి బోధన కూడా చికిత్సకి అడ్డు చెప్పదు. ఇబ్బందంతా అది జబ్బుకేనని నిరూపించడంలో ఉంటుంది. 2012లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ లా విద్యార్థిని సాండ్రా ఫ్లూక్, కాంగ్రెస్ సభ్యుల ముందు తన స్నేహితురాలి గురించి చెప్పింది. ఆమెకీ నీకున్న సమస్యే. ప్లాన్‌లో వైద్య కారణాలకి మినహాయింపు ఉన్నా, అసలు కారణం వేరని అనుమానించి మాటిమాటికీ క్లెయిమ్ తిప్పికొట్టారు. నెలకి 100 డాలర్లకి పైగా సొంతంగా కట్టలేక ఆమె మందు ఆపేసింది. టెన్నిస్ బంతంత సిస్టు పెరిగి చివరికి అండాశయం తీసేయాల్సి వచ్చింది. కాబట్టి నీ గైనకాలజిస్టుని ముందే అడుగు: ప్రిస్క్రిప్షన్ మీద, ఆఫీసు బిల్లు మీద డయాగ్నసిస్ కోడ్ ఈ28.2 రాయమని. అది పీసీఓఎస్, అంటే మనం పీసీఓడీ అనేదాని, కోడ్. జెడ్30తో మొదలయ్యేది రాస్తే గర్భనిరోధం కింద లెక్క, కంప్యూటరే తిప్పి పంపుతుంది. ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) లెటర్ కూడా రాయించి ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. లేని జబ్బు రాయించమని నేను ఎవరికీ చెప్పను. ఉన్న జబ్బు ఉన్నట్టు రాయించుకోవడానికి మాత్రం వెనకాడకూడదు.

రెండో కాన్పు తర్వాత ఆపరేషన్ చేయించేసుకుంటానని మీ అమ్మతో అన్నావట. మన దగ్గర అది చాలా మామూలు మాట. ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లలో పదికి దాదాపు ఏడుగురు ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే, కాన్పు గదిలోంచి బయటికి రాకముందే అయిపోతుంది. క్యాథలిక్ హాస్పిటల్‌లో అలా కుదరదు. అమెరికా బిషప్పుల నియమావళి ప్రకారం అక్కడ స్టెరిలైజేషన్ చేయరు, సిజేరియన్ అయి పొట్ట తెరిచి ఉన్నా సరే. హాస్పిటల్ ఉద్యోగుల ప్లాన్లలో ఇంకో మెలిక: సొంత హాస్పిటళ్లలో చూపించుకుంటేనే ఖర్చు తక్కువ, బయటికెళ్తే ఎక్కువ. అంటే కాన్పు చవగ్గా అయ్యే చోట ఆపరేషన్ అవదు, తర్వాత ఇంకోసారి మత్తు, ఇంకోసారి కోత, ఇంకో బిల్లు. దీన్ని గర్భం వచ్చాక ఏడో నెలలో కాదు, ప్లాన్ ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. మీ ఆయన కార్తీక్‌తో వేసెక్టమీ గురించి కూడా మాట్లాడు. మగవాళ్లకది చాలా చిన్న ఆపరేషన్. ఫెడరల్ చట్టం దాన్ని ఫ్రీగా ఇవ్వమని చెప్పదు కాబట్టి ఎవరి ప్లాన్‌లో ఎంతవుతుందో చూడండి. మన ఇళ్లలో ఈ భారం ఎప్పుడూ ఆడదాని మీదే పడటం నాకు నచ్చదు.

ఇవన్నీ చూశాక నా సలహా: ప్రీమియం తక్కువని కార్తీక్ కంపెనీ ప్లాన్‌లోంచి తొందరపడి బయటికి రావద్దు. ఇప్పుడు ఆ ప్లాన్‌లో నీకు పిల్స్ ఫ్రీగా వస్తున్నాయి కదా. ఒకసారి బయటికొస్తే మళ్లీ చేరడానికి ఏడాదికోసారి వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి, లేదా పాప పుట్టడంలాంటి మార్పేదైనా జరిగితే అప్పుడు 30 రోజుల గడువు ఇస్తారు. నువ్వు హాస్పిటల్ ప్లాన్ వద్దనుకుంటే, సొంత ఉద్యోగంలో ఇన్సూరెన్స్ దొరికే భార్యని కార్తీక్ కంపెనీ ఉంచుతుందా, ఉంచినా నెలకి అదనంగా ఏమైనా వసూలు చేస్తుందా కనుక్కో. కొన్ని కంపెనీలు చేస్తాయి. ఆ అదనం కలిపి లెక్కేసినా నీ విషయంలో అదే మేలనిపిస్తోంది.

ఏదీ కుదరక హాస్పిటల్ ప్లానే తీసుకోవాల్సి వస్తే కూడా దారులున్నాయి. ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్‌లో డబ్బు వేసుకుంటే పన్ను పడని డబ్బుతో కొనుక్కోవచ్చు. ప్రభుత్వ సాయంతో నడిచే టైటిల్ టెన్ కుటుంబ నియంత్రణ క్లినిక్‌లలో ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. ఓపిల్ అనే మాత్ర 2024 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా షాపుల్లోనే అమ్ముతున్నారు, నెలకి 20 డాలర్ల లోపే. కానీ అందులో ప్రొజెస్టిన్ అనే ఒక్క హార్మోన్ మాత్రమే ఉంటుంది. నెలసరి క్రమంగా రావడానికి నువ్వు వాడే మందుతో అది సమానం కాదు, డాక్టర్‌ని అడగకుండా మార్చకు.

ఇంకొకటి. ఎవరి పేరు మీద ప్లాన్ ఉంటే వాళ్ల పేరునే క్లెయిమ్ కాగితాలు ఇంటికొస్తాయి. మీ అత్తగారు వచ్చి ఉంటారు కదా, నీకు ఇబ్బందనిపిస్తే పోస్టులో కాకుండా ఆన్‌లైన్‌లో వచ్చేలా పెట్టుకో.

బుక్‌లెట్ రాగానే ఎక్స్‌క్లూజన్స్ పేజీ, మందుల జాబితాలో నీ పిల్ ఉన్న పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. హెచ్ఆర్ జవాబు కూడా పంపు. ఆఫర్‌కి వచ్చే శుక్రవారం దాకా టైముంది అన్నావు కాబట్టి ఆ ఈమెయిల్ మాత్రం ఇవాళే పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ