మంచు కురిసే ఊళ్ళో పిల్లికి ఊలు అల్లబోయే మనవరాలికి

నల్లగొండ,
ధనుర్మాసం, ఆదివారం ఉదయం.

చిరంజీవి బుజ్జికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోనులో చూపించిన దృశ్యం రాత్రంతా నా కళ్ళలోనే మెదిలింది. కిటికీ అవతల మోకాలిలోతు మంచు, ఇవతల నీ ఒళ్ళో ముడుచుకున్న బూడిదరంగు పిల్లి, పక్కన కొత్తగా కొన్న ఎర్ర ఊలు ఉండలు. "అమ్మమ్మా, దీనికి ఒక స్వెట్టరూ నాలుగు బొమ్మలూ అల్లాలి, ఎలాగో చెప్పు" అన్నావు. నీ మనసు అల్లిక మీదికి పోయినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో! 28 ఏళ్ళు ఆడపిల్లల బడిలో కుట్లూ అల్లికలూ నేర్పాను గానీ, మీ అమ్మకూ నీకూ మాత్రం నా దగ్గర కూర్చుని సూదులు పట్టే తీరిక దొరకలేదు. ఇప్పుడు నువ్వే అడిగావు. అందుకే ఫోనులో అరకొరగా చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నాను.

సూదుల కంటే ముందు గౌరి సంగతి చెప్పాలి. మీ అమ్మ తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మన ఇంట్లో ఉన్న పిల్లి అది. తెల్లటి ఒళ్ళు, నుదుట పసుపు మచ్చ. నేను బడి పిల్లల కోసం ఊలు చుడుతుంటే పక్కనే కూర్చుని ఆడేది. నేనూ ముచ్చటపడి దారం కొస ఊపేదాన్ని. ఒకనాడు మూరెడు ఊలు ముక్క మింగేసింది. రెండు రోజులు తిండి ముట్టలేదు. వాంతులు చేసుకుంది. బియ్యం బస్తాల వెనక దూరి, పిలిచినా బయటికి రాలేదు. మూడో రోజు తోక కింద దారం కొస కనిపించింది. ఎలాగూ బయటికి వస్తోంది కదా, కాస్త సాయం చేద్దామని మెల్లగా లాగాను. ఆ లాగడమే నేను చేసిన తప్పు. పశువుల డాక్టరు దగ్గరికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. గౌరి బతకలేదు.

ఎందుకలా అయిందో ఆ డాక్టరు నాకు విడమరిచి చెప్పారు. పిల్లి నాలుక గరుకుగా ఉంటుంది కదా, దాని మీది సన్నటి ముళ్ళన్నీ గొంతు వైపే వంగి ఉంటాయి. నోట్లోకి వెళ్ళిన దారాన్ని ఉమ్మేయడం దానికి కష్టం, లోపలికి లాక్కోవడమే తేలిక. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుపోయి, మిగతాది పేగుల్లోకి సాగుతుంది. లంగా బొందు బిగించి లాగితే నడుం పట్టీ కుచ్చులు పడుతుంది చూడు, పేగులు అచ్చం అలాగే ముడుచుకుపోతాయి. అప్పుడు ఆ దారాన్ని బయటినుంచి లాగితే అది పేగును కోసేస్తుంది. కాబట్టి నోటినుంచి గానీ వెనకనుంచి గానీ దారం కనిపిస్తే ఎట్టి పరిస్థితిలోనూ లాగకు. ఎంత మంచు పడుతున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళు.

ఇకమీద నేను రాసేదంతా గౌరి నేర్పిన పాఠమే అనుకో. పిల్లికి అల్లిన వస్తువు అందంగా వచ్చిందా అన్నది తర్వాతి మాట. దాని నోటికి దొరికే దారం కొస ఒక్కటైనా మిగిలిందా అన్నదే ముందు చూడాలి. నువ్వు అల్లుకునేటప్పుడు ఊలు ఉండను మూత ఉన్న డబ్బాలో పెట్టు. మూతకు చిల్లు చేసి అందులోంచి దారం తీసుకో. తలుపు చప్పుడై లేచినా సరే, సూదులతో సహా అల్లిక మొత్తాన్ని సొరుగులో పెట్టాకే వెళ్ళు.

సూదులు కొనేటప్పుడు చాలామంది ఒకచోట పొరబడతారు. మన దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. నువ్వుండే అమెరికాలో లెక్క తలకిందులు. అక్కడి 8 అంటే 5 మిల్లీమీటర్లు, 10 అంటే 6. అలవాటు కొద్దీ నేను "10వ నంబరు" అనడం, నువ్వు అక్కడి 10 కొనుక్కురావడం జరిగితే అల్లిక జల్లెడలా వస్తుంది. పిల్లి గోళ్ళు అందులో ఇరుక్కుంటాయి. నంబర్ల జోలికి పోకుండా మిల్లీమీటర్లే చూసుకో. బొమ్మలకు 3.25 జత ఒకటి, పిల్లి పడుకునే పరుపుకు 6 జత ఒకటి చాలు. వెదురువి దొరికితే అవే తీసుకో. కొత్త చేతుల్లో వాటి మీదినుంచి కుట్లు అంత సులువుగా జారిపోవు.

ఊలు మరీ లావూ మరీ సన్నమూ కాకుండా ఉండాలి. అక్కడి లేబుళ్ళ మీద డీకే అని గానీ 3 అంకె గానీ ఉంటుంది. నూగు రాలే రకాలు, జరీ తళుకులు కలిపినవి వద్దు. మూడేళ్ళ కిందట నేను మీ దగ్గర ఉన్న రెండు నెలల్లో ఒకటి గమనించాను. మీ ఇళ్ళలో హీటర్లు రాత్రింబవళ్ళు తిరుగుతాయి కనుక గాలిలో తడి ఉండదు. ఆక్రిలిక్ శాలువా తీస్తుంటే చిటపటమని నిప్పురవ్వ లేచి వేలికి తగిలేది. పిల్లి బొచ్చుకు ఆక్రిలిక్ రాసుకుంటే దానికీ అదే చురుకు. ముట్టుకోగానే చురుక్కుమంటే పాపం అది నీ చేతినే అనుమానిస్తుంది. నూలుతో గానీ మెత్తని గొర్రె ఉన్నితో గానీ అల్లితే ఈ బాధ తక్కువ.

మొదట ఎలుకతో మొదలుపెట్టు. 3.25 సూదుల మీద 20 కుట్లు ఎక్కించు. అన్ని వరుసలూ సీదాయే (దారం వెనక ఉంచి అల్లే కుట్టు), ఉల్టా (దారం ముందు ఉంచి అల్లే కుట్టు) అవసరం లేదు. 40 వరుసలు అల్లితే ఇంచుమించు చతురస్రం వస్తుంది. చివరికి ఆరంగుళాల దారం వదిలి కుట్లు ముగించు. పక్క అంచులు రెండూ కలిపి కుడితే గొట్టం అవుతుంది. మొదటి వరుస కుట్లన్నిటి గుండా దారం దూర్చి బిగిస్తే మూతి తయారవుతుంది. లోపల కూరడానికి మిగిలిన ఊలు ముక్కలు పనికొస్తాయి గానీ వాటిని ఊరికే అలా కూరెయ్యకు. పాత బనియను గుడ్డలో మూటలా కట్టి, ఆ మూటను కుట్టి, అప్పుడు లోపల పెట్టు. రేపు పైఅల్లిక చిరిగినా ముక్కలు బయటికి రావు. బియ్యం, పప్పుగింజలు పెడితే పురుగు పడుతుంది. పిల్లి మెడలో గంట కట్టేదెవరని సామెత ఉంది కదా, ఈ ఎలుకకు మాత్రం బయట గంట కట్టొద్దు. చప్పుడు కావాలంటే చిన్న గంటను మూట నడిమధ్యలో పెట్టు. కళ్ళకు పూసలూ గుండీలూ వద్దు, దారంతోనే నాలుగు పొట్టి కుట్లు వేస్తే చాలు. తోకకు దారం వేలాడదీయకుండా, 3 కుట్ల మీద రెండంగుళాల పట్టీ అల్లి అతుకులో కలిపి కుట్టు.

కొసలు దాచడం ఈ పని మొత్తంలో ముఖ్యమైన భాగం. బడిలో పిల్లలు ముడి వేసి, కత్తిరించి, అయిపోయిందనేవాళ్ళు. పిల్లి గోరు ఆ ముడిని ఒక్క సాయంత్రంలో విప్పేస్తుంది. లావు బెజ్జం సూదిలో ఆ ఆరంగుళాల కొసను ఎక్కించి, అల్లిక లోపలినుంచి ఒక దిక్కుకు తీసుకెళ్ళు. తర్వాత వెనక్కి తిప్పి, మళ్ళీ అడ్డంగా తీసుకెళ్ళు. మూడు దిక్కులకూ తిరిగిన కొస ఎంత పీకినా రాదు. ఆ తర్వాతే కత్తిరించు. కత్తిరించాక నీ గోటితో గీకి చూడు. నీ గోటికి తగిలితే దాని గోటికీ తగులుతుంది.

ఎలుక కుదిరాక బంతి చెయ్యి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నమ్మకమైనది అదే. నూటికి నూరుపాళ్ళు గొర్రె ఉన్ని ఊలు తీసుకో. లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే మాత్రం వద్దు, అది ఉతికినా కుదించుకుపోయి గట్టిపడదు. నిమ్మకాయంత ఉండ గట్టిగా చుట్టి, పాత సాక్సులో వేసి మూతి కట్టి, వేడినీళ్ళలో సబ్బుతో బాగా పిసుకు. లేదా మెషీన్లో బట్టలతో పాటు వెయ్యి. ఉన్ని పోగుల మీద పొలుసులుంటాయి. వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి పట్టుకుని ఉండ కుదించుకుపోతుంది. రెండు మూడుసార్లు ఉతికేసరికి దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియని గట్టి బంతి అవుతుంది. లాగడానికి కొస మిగలదు. అయినా వారానికోసారి చూసుకుంటూ ఉండు. నూగు లేచి, పోగులు ఊడుతున్న బంతిని పారేసి కొత్తది చెయ్యి.

అక్కడ క్యాట్‌నిప్ ఆకు అమ్ముతారు. చిటికెడు మూటలో వేస్తే చాలా పిల్లులు పరవశించి దొర్లుతాయి, కొన్నిటికి అసలు పట్టదు. మూడు నెలల లోపు కూనలకు దాని ఊసే ఉండదు. మన పెరట్లో కుప్పింటాకు మొక్క పీకినప్పుడల్లా వీధిలోని పిల్లులన్నీ వచ్చి ఆ వేరు మీద పొర్లేవి, నీకు గుర్తుందా? గోడ మీద కూర్చుని చూస్తూ నువ్వు చప్పట్లు కొట్టేదానివి.

ఇక స్వెట్టరు. నీ మనసు కాస్త నొచ్చుకుంటుందేమో గానీ, నీ పిల్లికి స్వెట్టరు వద్దమ్మా. బొచ్చులేని స్ఫింక్స్ జాతికో, ఆపరేషన్ కోసం బొచ్చు గీసిన పిల్లికో, ఎముకలు తేలిన ముసలి పిల్లికో అది అవసరం కావచ్చు, అదీ డాక్టరును అడిగాక. నీ పిల్లికి దేవుడిచ్చిన కోటు ఉంది. చలివేస్తే ఆ బొచ్చును ఉబ్బించి మధ్యలో గాలిని పట్టి ఉంచుకుంటుంది. స్వెట్టరు ఆ బొచ్చును అణిచేస్తుంది. మేలుకున్నప్పుడు చాలాసేపు ఒళ్ళు నాక్కునే జంతువుకు నాలుక ఆననివ్వకపోతే బొచ్చు జడలు కడుతుంది. పైగా స్వెట్టరు తొడగగానే చాలా పిల్లులు నేల కరుచుకుని కదలకుండా ఉండిపోతాయి. ఎంత ఒద్దికగా ఉందో అని అందరూ ఫోటోలు తీస్తారు. అది ఒద్దిక కాదు, భయంతో బిగుసుకుపోవడం.

డాక్టరు చెప్పి ఎప్పుడైనా అవసరం పడితే, మెడ, ముందుకాళ్ళ వెనక ఛాతీ, వీపు పొడవు కొలిచి పంపు, కుట్ల లెక్క నేను వేసిస్తాను. రెండు సీదా, రెండు ఉల్టా అల్లితే సాగుతుంది. లోపల రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి, పొట్ట కింద పొట్టిగా ఉండాలి. నువ్వు ఇంట్లో లేనప్పుడు విప్పెయ్యాలి.

స్వెట్టరు బదులు పరుపు అల్లు. పిల్లి ఒంటి వేడి 101, 102 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటుంది. చుట్టూ 30 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి ఉంటేనే దాని ఒంటికి నిజమైన హాయి. అందుకే అది హీటరు పక్కనా, నీ కంప్యూటర్ మీదా కూర్చుంటుంది. వెచ్చటి చోటు చూపిస్తే తనే వెతుక్కుని వస్తుంది. అక్కర్లేదనుకుంటే లేచి వెళ్ళిపోతుంది. స్వెట్టరులోంచి అలా లేచి వెళ్ళలేదు కదా.

పాలమూరు వైపు నా పుట్టింట్లో మా తాతకు ఒక నల్ల గొంగడి ఉండేది. కురుమలు మన దక్కను గొర్రెల ఉన్నితో గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగడి. మనుషులకు గుచ్చుకునేంత బరక. కానీ చలికాలం తెల్లవారుజామున చూస్తే తాత మంచం మీద, ఆయన కాళ్ళ దగ్గర, రెండు పిల్లులు ఆ గొంగడి ముడతల్లోనే ఉండేవి. పక్కనే మెత్తటి బొంత ఉన్నా దాని మీద పడుకునేవి కావు. ఉన్ని వెచ్చదనం వాటికి మనకంటే బాగా తెలుసు.

పరుపుకు రెండు పోగులు కలిపి పట్టుకుని, 6 మిల్లీమీటర్ల సూదుల మీద 60 కుట్లు, 120 వరుసలు, అన్నీ సీదా. ఇంచుమించు 16 అంగుళాల చతురస్రం వస్తుంది. కుచ్చులు వేలాడదీయకు. రోజుకు పది వరుసలు అల్లినా సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకల్లా అయిపోతుంది. మొదటి రెండు రోజులు నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే వెయ్యి. సయామీ వంటి కొన్ని జాతుల పిల్లులకు ఉన్నిని చప్పరించి నమిలే అలవాటు ఉంటుంది. నీది అలా నమిలితే వెంటనే తీసేసి ముతక నూలు గుడ్డ వెయ్యి. ఎంత కష్టపడి అల్లావన్నది అప్పుడు చూసుకోకు.

ఒక్కదానికి మాత్రం నేను ఒప్పుకోను. మెట్ల కింద తలదాచుకుంటున్న ఆ నల్ల వీధి పిల్లికి కూడా దుప్పటి అల్లి పరుస్తానన్నావు. ఈరీ సరస్సు మీది గాలి తేమను మోసుకొచ్చి మీ బఫెలో నగరం మీద ఏడాదికి దాదాపు 95 అంగుళాల మంచు కుమ్మరిస్తుందని నువ్వే చెప్పావు. ఆ తడిలో దుప్పటి పరిస్తే అది తడిని పీల్చి, రాత్రికి గడ్డకడుతుంది. పిల్లి ఒంట్లోని వేడిని అదే లాగేస్తుంది. దానికి కావలసింది ఎండు గడ్డి. ధాన్యం కోసాక మిగిలే బోలు కాడల గడ్డి, పశువుల మేతకు ఎండబెట్టే పచ్చిగడ్డి కాదు. మేతగడ్డి తడిని పట్టి నానిపోతుంది. మన ఊళ్ళో పిల్లులు గడ్డివాములో కూనలు పెట్టడం చూశావు కదా! ఒక ప్లాస్టిక్ డబ్బాకు ఆరంగుళాల గుండ్రటి దారి కోసి, లోపల గడ్డి వదులుగా నింపి, గాలి కొట్టని వైపు తిప్పి, నేలకు కాస్త ఎత్తులో పెట్టు. అలాగే మీ వాళ్ళు ఉదయం కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టమను. వెచ్చదనం కోసం పిల్లులు ఇంజను దగ్గర దూరుతాయి.

ఎలుక పూర్తయ్యాక ఫోటో పంపు. ముందువైపు కాదు, అతుకు ఉన్న వైపు, దగ్గరగా, మంచి వెలుతురులో తియ్యి. కొసలు ఎలా దాచావో నేను చూసేదాకా దాన్ని పిల్లికి ఇవ్వకు.

ఇట్లు,
మీ అమ్మమ్మ