టెక్ సందేహాలు: 19 వోల్టులు ఎక్కడ ఆగిపోతున్నాయి?

ప్రశ్న: రాత్రి దాకా పనిచేసిన ల్యాప్‌టాప్ పొద్దున ఆన్ కాలేదు. లైటు వెలగదు, ఫ్యాన్ తిరగదు. చార్జర్ పెట్టినా అంతే. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, 14 వేలవుతుందన్నారు. రిపేరు కాదా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: చాలాసార్లు అవుతుంది. ‘బోర్డు పోయింది’ అంటే సరిపోదు, ఏ లైన్ (బోర్డు మీద కరెంటు వెళ్లే దారి) పోయిందో అడగండి. చార్జర్ ఇచ్చే 19 వోల్టులు బోర్డు మీద ఎక్కడిదాకా వస్తున్నాయో మల్టీమీటర్ పెడితే తెలుస్తుంది. అది కొలవకుండా చెప్పిన రేటుకు తొందరపడి ఒప్పుకోకండి.

ముందు ఇంట్లో చేయగలిగింది చేయండి. చార్జర్ తీసి, వీలైతే లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టండి. తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి చూడండి. పవర్ బటన్ సంగతి చూసుకునే కంట్రోలర్ చిప్ ఇరుక్కుపోయి ఉంటే దీంతోనే లేస్తుంది. లేవకపోతే అదే వోల్టేజీ, అంతే వాట్స్ ఉన్న ఇంకో చార్జర్‌తో ప్రయత్నించండి. చార్జర్ మీద లైటుంటే దాన్ని గమనించండి. పిన్ను గుచ్చగానే ఆ లైటు ఆరిపోయి, తీయగానే మళ్లీ వెలిగిందంటే లోపల షార్ట్ (కరెంటు దారి తప్పి నేరుగా నెగటివ్‌కు పోవడం) ఉన్నట్టే. టైప్-సి చార్జరైతే వోల్టులు చూపే యూఎస్‌బీ టెస్టర్ మధ్యలో పెట్టండి. 5 వోల్టుల దగ్గరే ఆగితే పోర్టునో, దాని పక్కనుండి చార్జర్‌ను ఎన్ని వోల్టులు కావాలో అడిగే పవర్ డెలివరీ చిప్‌నో అనుమానించాలి. 20 చూపిస్తే అక్కడిదాకా బాగున్నట్టు.

ఇక బోర్డు సంగతి. జాక్ దాటగానే ఎనిమిది కాళ్ల మాస్‌ఫెట్‌లు (కరెంటును వదిలే, ఆపే స్విచ్చుల్లాంటివి) సాధారణంగా రెండు ఉంటాయి. వాటిని దాటితే 0.01 ఓమ్ రెసిస్టర్, ఆ తర్వాత బోర్డంతటికీ కరెంటు పంచే మెయిన్ లైన్. మొదటి మాస్‌ఫెట్ దగ్గర 19 ఉండి రెండోది దాటాక సున్నా ఉంటే, చార్జర్, బ్యాటరీ రెండూ తీసేసి మెయిన్ లైన్ నుంచి గ్రౌండ్‌కు (నెగటివ్ వైపు) ఓమ్స్ కొలవాలి. కిలోఓమ్స్‌లో వస్తే షార్ట్ లేదు, మాస్‌ఫెట్‌లనూ వాటిని తెరిచే చార్జింగ్ ఐసీనీ (చిప్‌నూ) చూడాలి. ఒకటి రెండు ఓమ్స్ లోపు వస్తే షార్టే. అప్పుడు మాస్‌ఫెట్‌లు తెరుచుకోకపోవడం బోర్డు తనను తాను కాపాడుకోవడమే. వాటిని మార్చినా లాభం లేదు.

షార్ట్ ఎక్కడుందో పట్టే పద్ధతి చూడండి. వోల్టులు, కరెంటు మనకు కావలసినంత పెట్టుకునే బెంచ్ పవర్ సప్లైని 1 వోల్టుకు, కరెంటును 3 ఆంపియర్లకు కట్టి మెయిన్ లైన్‌లోకి ఇస్తారు. పైన 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూస్తారు. బోర్డంతా తడిగా మెరుస్తుంటే ఒక్కచోట మాత్రం చుక్కంత మేర గబుక్కున ఆరిపోతుంది. చాలాసార్లు అక్కడ దొరికేది నువ్వుగింజంత సెరామిక్ కెపాసిటర్. హాట్ ఎయిర్‌తో దాన్ని లేపి మళ్లీ ఓమ్స్ చూస్తే షార్ట్ పోయి ఉంటుంది. దాని జాగాలో అదే విలువది, 25 వోల్టులకు తగ్గనిది వేయాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. షార్టయింది కెపాసిటర్ కాక ప్రాసెసర్ లైన్‌లోని పై మాస్‌ఫెట్ (19 వోల్టుల వైపుది) అయితే, తొందరపడి 19 వోల్టులు ఇచ్చినవాళ్లు వాటిని నేరుగా ప్రాసెసర్‌కే పంపినట్టు. అందుకే 1 వోల్టు దాటొద్దు. ఇంకో సంగతి, ప్రాసెసర్ పక్కనుండే కాయిల్స్ మీద మల్టీమీటర్ బీప్ మోడ్ పెడితే మంచి బోర్డు కూడా బీప్ అంటుంది. ప్రాసెసర్ లైన్ రెసిస్టెన్సే అంత తక్కువ. ఆ మోత విని ‘సీపీయూ షార్ట్’ అని పక్కన పడేసిన బోర్డుల్లో బాగయ్యేవి ఉంటాయి.

మెయిన్ లైన్‌లో 19 ఉంటే 3.3, 5 వోల్టుల స్టాండ్‌బై సప్లై (ఆన్ చేయకముందే ఉండాల్సిన కరెంటు) చూడాలి. అవీ ఉంటే పవర్ బటన్ పిన్ దగ్గర సాధారణంగా 3.3 ఉండి, నొక్కగానే సున్నాకు పడాలి. పడకపోతే బటన్ లేదా దాని రిబ్బన్ కేబుల్. పడినా బోర్డు లేవకపోతే కంట్రోలర్ చిప్, బయోస్ (ల్యాప్‌టాప్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) వంతు. బయోస్ మళ్లీ రాసే ముందు పాత ఫైల్ బ్యాకప్ తీయమని గట్టిగా చెప్పండి. మీ సీరియల్ నంబరు, చాలా మోడళ్లలో విండోస్ కీ అందులోనే ఉంటాయి.

షాపుకు ఇచ్చే ముందు మీ ఫైళ్లుండే ఎస్‌ఎస్‌డీ ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి. పవర్ రిపేరుకు దానితో పనిలేదు. బోర్డు మార్చాల్సే వస్తే, ఫైళ్లకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి, ప్రాజెక్టు ఫైళ్లన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రశ్న: కీబోర్డు మీద చాయ్ ఒలికింది. బియ్యంలో పెట్టాం. రెండు రోజులయింది, ఆన్ చేయొచ్చా?
– ఒక గృహిణి, జమ్మికుంట

జవాబు: వద్దమ్మా. బియ్యం లోపలి చక్కెరను, పాలను తీయలేదు. చార్జర్ తీసేసినా బ్యాటరీ ఉన్నంతసేపు బోర్డులో కొన్ని లైన్లకు కరెంటు అందుతూనే ఉంటుంది. తడి తగిలిన చోట ఆ కరెంటే రాగిని తినేసి పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఇవాళే విప్పించి ముందు బ్యాటరీ కనెక్టర్ తీయించండి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగించి, ఐసీల కింది తడి కూడా ఆరేదాకా ఆగమనండి. హెయిర్ డ్రైయర్ మాత్రం పెట్టొద్దు, పాకాన్ని ఇంకా లోపలికి తోస్తుంది.